మెట్టు మెట్టుకీ బొట్టు

నవంబర్ పది. సోమవారం. రాత్రి ఎనిమిదింబావు.

తిన్నది చేపల పులుసు.

బొచ్చె చేప. మెంతిపొడి కాస్త ఎక్కువైంది. చింతపండు మాత్రం సరిగ్గా సరిపోయింది. జయదేవ్‌కి ఆ రుచి ఇంకా గుర్తుంది.

గుర్తుండకూడదు.

ఎందుకంటే ఆ రాత్రి అతను పులుసు తినలేదు. పోలీసులకి అలాగే చెప్పాడు. రాసుకున్నారు. సంతకం పెట్టాడు.

ఆ పులుసు వండిన మనిషి ఇప్పుడు అతనికి యాభై మెట్ల పైన ఉంది.

కొండెక్కుతోంది.

అతను పరిగెత్తుతున్నాడు...

డిసెంబర్. ఆదివారం. సాయంత్రం నాలుగూ ముప్పై ఐదు. జయచండీ పహాడ్. హౌరా నుంచి ఐదు గంటల రైలు ప్రయాణం. చదునైన నేల మీద ఎవరో పడేసి మర్చిపోయినట్టు నాలుగైదు బండరాతి గుట్టలు. అన్నిటికంటే పెద్దదాని మీద చండీ గుడి. ఐదు వందల పైచిలుకు మెట్లు.

మెట్లకి దీపాలు లేవు. చీకటి పడకముందే దిగిపోవాలని టూరిస్టులంతా దిగిపోయారు. అటు చూస్తే లోయ. ఇటు చూస్తే బండ. మధ్యలో ఒక ముసలిది.

ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మెట్టు మెట్టుకీ పసుపు పూత. దాని మీద కుంకుమ బొట్టు. ఆవిడ పెట్టుకుంటూ పోతోంది. జయదేవ్ బూటు ఒక్కొక్క బొట్టు మీదా పడుతోంది. తప్పించుకుని నడవొచ్చు. నడవలేదు. పన్నెండు వేల రూపాయల బూటు. ఆ పసుపుకంటే దానికే ఎక్కువ పవిత్రత ఉందని అతని నమ్మకం.

"మెట్లకి బొట్లంట," అనుకున్నాడు. "చదువు లేకపోతే ఇట్లనే ఉంటది."

జగ్గమ్మ. అరవై ఏళ్లు. శ్రీకాకుళం నుంచి పెళ్లై వచ్చి నలభై ఏళ్లుగా హౌరా పక్కన లిలువాలో ఉంది. రోజూ రెండు బస్సులు మారి న్యూ టౌన్ వస్తుంది, పన్నెండో అంతస్తులో అతని ఫ్లాట్‌లో వండిపెట్టడానికి. నీరజ ఆమెని పిన్నీ అనేది. వంటమనిషిని పిన్నీ అనే భార్య! అక్కడే తెలిసిపోయింది అతనికి, తను చేసుకున్న పెళ్లి ఏ తరగతిదో.

నీరజ ఇప్పుడు లేదు.

నవంబర్ పది రాత్రి బాల్కనీలోంచి పడిపోయింది. అందరికీ తెలిసింది ఇంతే.

మెట్టు. మెట్టు. మెట్టు. ఊపిరి గొంతులో గీసుకుంటోంది.

ఆ రోజు కార్తీక సోమవారం. నీరజ ఉపవాసం. ఇంట్లో నీచు వండకూడదంది. జయదేవ్‌కి మాత్రం చేప కావాలి. దేవుడి కోసం తన నాలుక చంపుకునే రకం కాదతను. దాంతో జగ్గమ్మ లిలువాలో తన ఇంట్లోనే వండి, స్టీలు క్యారేజీలో తెచ్చింది. అదీ వంటింట్లోకి తేలేదు. బాల్కనీలో కొక్కేనికి తగిలించి సాయంత్రమే వెళ్లిపోయింది.

అతను ఆఫీసు నుంచి వెనక గేటున వచ్చాడు. నడక పది నిమిషాలు. ఆ గేటు కెమెరా చెడిపోయి నెలైంది. బాల్కనీలో కుర్చీ వేసుకుని తిన్నాడు.

చివరి ముక్క నోట్లో ఉండగా నీరజ వచ్చి కాగితం చూపించింది. విడాకుల కాగితం. అప్పటికే సంతకం పెట్టేసింది.

ఆమె అతన్ని వదిలేస్తుందట!

అతను వదిలేయడం వేరు. ఆమె వదిలేయడం ఏమిటి?

రెండు చేతులు. ఒక్క తోపు.

అంతే.

కింద ఎవరో కేకపెట్టారు. అతను కంగారు పడలేదు. ఎంగిలి క్యారేజీ వదిలితే దొరికిపోతాడు. రెండు నిమిషాల్లో కడిగాడు. తుడిచాడు. వంటింటి అరలో, మిగతా గిన్నెల పక్కన, బుద్ధిగా పెట్టాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెనక మెట్ల మీదుగా దిగాడు. ఫోన్ వచ్చేసరికి ఆఫీసులో, తన కుర్చీలో ఉన్నాడు.

అంత శుభ్రంగా చేసిన పని అది. నెలరోజులు నిలబడింది.

మొన్న శుక్రవారం దాకా.

శుక్రవారం కూర తాలింపు వేస్తూ జగ్గమ్మ అంది: "బాబూ, సోమారం పది గంటలకి థానాకి రమ్మన్నారు నన్ను. అమ్మగారి సంగతి అడుగుతారట."

"వెళ్లు. తెలిసింది చెప్పు."

"నాకేటి తెలుసు బాబూ. ఒక్కటే ఇడ్డూరం. మరుసట్రోజు చూస్తే నా క్యారేజీ వంటింట్లో ఉంది. అమ్మగారు నీచు క్యారేజీ ముట్టరు కదా. సోమారం పూట వంటింట్లో పెట్టరు కదా. కడిగింది ఎవలు, పెట్టింది ఎవలు?"

గరిటె ఆగలేదు. ఆమె వెనక్కి తిరగలేదు. పిచ్చిదానిలా అడిగింది. పిచ్చిదే.

జయదేవ్ మాత్రం గంటలు లెక్కపెట్టుకున్నాడు.

సోమవారం రాత్రి పదకొండుకి అతని విమానం. సింగపూర్ ట్రాన్స్‌ఫర్. మధ్యలో ఈ ముసలిదొకత్తి. ఒక స్టీలు క్యారేజీ.

"ఆదివారం ఏం చేస్తున్నవ్?" అని అడిగాడు.

"కొండకెల్తన్నాం బాబూ. లిలువా వాళ్లం పద్నాలుగు మందిమి. అమ్మగారి పేరున మెట్టు మెట్టుకీ బొట్టు పెడతానని మొక్కుకున్నాను."

"నేనూ వస్తా."

ఆమె అప్పుడు తిరిగి చూసింది. "వస్తారా బాబూ," అంది మెల్లగా.

*

సగం కొండ. మిగతా లిలువా వాళ్లు కిందే ఆగిపోయారు.

ఇక్కడ పాత బురుజు ఉంది. గుండ్రటిది, పైకప్పు ఎప్పుడో ఎగిరిపోయింది. దాని పక్కన మెట్లకి అడ్డు కమ్మీలు లేవు. అంచు... ఆ తర్వాత గాలి.

జగ్గమ్మ ఆ అంచు దగ్గరే వంగి ఉంది. వీపు ఇటు. డబ్బాలోంచి పసుపు తీసింది. మూడు వేళ్లతో పూసింది. ఉంగరం వేలితో కుంకుమ పెట్టింది.

జయదేవ్ చెప్పులు లేని ఆ పగుళ్ల పాదాలు చూశాడు. వాటికీ రాతికీ తేడా లేదు.

ఒక్క తోపు. అలవాటైన పనే.

చెయ్యి చాచాడు...

"బాబుగారూ, నీళ్లు కావాలేటి?"

చెయ్యి గాల్లో ఆగిపోయింది!

బురుజు లోపలి నుంచి ఒక తల బయటికొచ్చింది. ఫెలిక్స్. లిలువా రైల్వే వర్క్‌షాపులో వెల్డరు. మెడలో సిలువ, చేతిలో నీళ్ల సీసా, ముఖం మీద ఎప్పుడూ ఉండే ఆ పనికిమాలిన నవ్వు.

"నువ్వేం చేస్తున్నవ్ ఇక్కడ?"

"పిన్నికి నీళ్లు మోస్తన్నాను."

"నువ్వు చర్చి మనిషివి కదా. బొట్ల పూజకి నీళ్లు మోస్తే మీ పాస్టర్ తిట్టడా?"

"దాహానికి మతం ఏటుంది బాబూ. మీరూ తాగండి. ముఖం ఎర్రగా అయిపోనాది."

సీసా అందించాడు. జయదేవ్ తీసుకోలేదు. ఆ సీసా మూతి ఎంతమంది నోళ్లు తాకి ఉంటుందో. పొద్దున్నుంచీ ఇదే వరస. రైల్లో పులిహోర పొట్లం చేతిలో పెట్టారు. కిటికీ పక్కన చోటిచ్చారు. చలేస్తుందని ఎవరిదో శాలువా కప్పబోయారు. భార్య పోయినవాడని జాలి. వీళ్ల జాలి! వాసన కొట్టే శాలువాల జాలి. నలభై ఏళ్లు బెంగాల్లో ఉండి వీళ్లు నేర్చుకున్నదల్లా టీని చా అనడం, పక్కవాణ్ని దాదా అనడం.

ఎటు తిరిగినా వీళ్లలో ఎవరో ఒకరు తగులుతున్నారు. ముందు వీణ్ని పంపాలి.

"ఫెలిక్స్, కింద నిన్ను పిలుస్తున్నరు. టికెట్లు నీ దగ్గరున్నయంట."

"నా దగ్గరా?"

"వెళ్లి చూడు. జగ్గమ్మని నేను తీసుకొస్త."

ఫెలిక్స్ తల గోక్కున్నాడు. జగ్గమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"సరే బాబూ. నెమ్మదిగా తీసుకురండి. మోకాళ్లు బాగోవు పిన్నికి."

దిగిపోయాడు. ఎంత చెబితే అంత. వంద ఏళ్లైనా వీళ్లు వెల్డర్లే.

జగ్గమ్మ డబ్బా అతని వైపు చాపింది.

"బాబూ. ఒక్క బొట్టు మీరూ పెట్టండి. అమ్మగారి పేరున."

"నేనా?"

"ఒక్కటే. ఈ మెట్టుకి."

కళ్లు చిట్లించి చూస్తోంది. ఎండ అతని వెనక ఉంది. ఆమె కళ్లలో ఏముందో కనబడలేదు. వంటమనిషి కళ్లలో ఏముంటుంది? పొగ.

"నాకు ఇట్లాంటివి నచ్చవు జగ్గమ్మా. ముగించు తొందరగా."

"ఒక్కటే కదా బాబూ."

"చెప్పిన కదా!"

ఆమె డబ్బా వెనక్కి తీసుకుంది. తర్వాత ఆ బొట్టు తనే పెట్టింది. లేచింది.

ఫెలిక్స్ తల మలుపు దాటిందా? అతను కిందకి తొంగి చూశాడు. ఎరుపు స్వెట్టరు ఇంకా కనబడుతోంది. తీరిగ్గా దిగుతోంది. ఇరవై... ముప్పై... నలభై మెట్లు... మాయమైంది.

తిరిగాడు.

మెట్టు ఖాళీ.

జగ్గమ్మ లేదు!

*

పైన ముప్పై మెట్ల దూరంలో తెల్లచీర. వంగడం లేదు. ఆగడం లేదు. ఎక్కుతోంది.

బాగోని మోకాళ్లతో!

"జగ్గమ్మా!"

చీర ఒక్కసారి ఆగింది. వెనక్కి చూసింది. మళ్లీ కదిలింది. ఇంకా వేగంగా.

తెలిసిపోయింది. దీనికి తెలిసిపోయింది!

జయదేవ్ రెండేసి మెట్లు దూకాడు. ఎదురుగా బండ మీద సూర్యుడు చివరి అంగుళం. చలి మొదలైంది. చెమట చలిలో కత్తిలా ఉంది.

ముసలిది. ఎంతసేపు పరిగెడుతుంది? మూడు వందల మెట్లు... నాలుగు వందలు...

బొట్లు ఉన్నాయి ఇంకా. పరిగెత్తుతూ కూడా పెడుతోంది! వంకరగా. తడిగా. కొన్ని చోట్ల పసుపు మాత్రమే. ప్రాణం మీదికొచ్చినా మొక్కు వదలని మూఢత్వం. అతనికి నవ్వొచ్చింది. దాక్కోవాలనుకునే మనిషి ఎక్కడైనా దారి పొడుగునా ముగ్గేసి పోతుందా?

మంచిది. పెట్టు. పెట్టుకుంటూ పో.

దారిలో పిడికిలంత రాయి దొరికింది. తీసుకున్నాడు. తోపు అయితే తోపు. రాయి అయితే రాయి. జారి పడిందంటే సరిపోతుంది. ముసలివాళ్లు జారుతారు.

కొండ నెత్తి!

చండీ గుడి. పక్కన హనుమంతుడి గుడి. గంట గాలికి తనంతట తనే ఒకసారి మోగింది. పూజారి లేడు. ఎవ్వరూ లేరు. కింద ఎక్కడో రైలు కూత.

తెల్లచీర లేదు.

ఎటు?

నేల చూశాడు. పసుపు. గుడి గుమ్మం వైపు కాదు. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లింది. రాతి మీద ఒక బొట్టు. నాలుగడుగుల దూరంలో ఇంకొకటి. ఇంకొకటి...

గుడి వెనక సామాన్ల గది. తక్కువ ఎత్తు. ముందు ఇనుప ఊచల తలుపు, దాని వెనక చెక్క తలుపు. రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల చీకటి. చీకట్లో ఎక్కడో చిన్న దీపం.

గడపకి నిండుగా పసుపు. మూడు కుంకుమ బొట్లు.

ఇంకా తడి ఆరలేదు.

దాక్కున్న గదికి కూడా గడప పూజ చేసింది! జయదేవ్ నిజంగానే నవ్వాడు. పెదవి మీద శబ్దం లేని నవ్వు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇంత తెలివితక్కువ శత్రువు తగల్లేదు.

రాయి బిగించి పట్టుకున్నాడు. తల వంచాడు. గడప తొక్కుకుంటూ లోపలికి దూకాడు.

మూలన గోనెసంచులు. వాటి వెనక చూశాడు. లేదు.

తడికె పక్కకి లాగాడు. లేదు.

గదికి ఇంకో తలుపు లేదు. కిటికీ లేదు.

మధ్యలో దీపం. దీపం పక్కన మడతపెట్టిన కంబళి. నీళ్ల సీసా. ఇంకా...

స్టీలు క్యారేజీ.

ఆ క్యారేజీ!

వెనక ఇనుము ఇనుముకి తగిలింది.

ఠంగ్.

తాళం పడింది.

*

జయదేవ్ ఊచల మీదికి దూకాడు. కదల్లేదు.

అవతల జగ్గమ్మ. ఆయాసపడుతోంది, చెయ్యి గుండెల మీద వేసుకుని. ఆమె పక్కన గుడి పూజారి, మొలలో తాళంచెవుల గుత్తి. ఇంకో పక్కన తిరుపతిరావు.

తిరుపతిరావు! రిటైరైన రైల్వే మనిషి. మోకాళ్ల నొప్పని పొద్దున స్టేషన్ బెంచీ మీదే కూలబడిపోయిన ముసలాడు.

"నువ్వు... స్టేషన్‌లో కదా ఉండాలె?"

"మోకాళ్లకేటయింది బాబూ. నలభై ఏళ్లు రైళ్ల కింద వంగిన మోకాళ్లివి. మీరు గుట్టలు చూస్తన్నప్పుడే నాను ఎక్కేసినాను. ఈ పూజారి ఠాకుర్‌మశాయ్‌తో చా కూడా తాగేసినాను."

"తాళం తీయి. తమాషా చేస్తున్నరా? నేను ఎవర్నో తెలుసా?"

"చేతిలో రాయి ఎందుకు బాబూ?"

జయదేవ్ రాయి వదిలేశాడు. అది నేల మీద దొర్లింది. చాలా పెద్ద శబ్దం చేసింది.

"అంతా చూసినాం లెండి," అంది వెనక నుంచి ఇంకో గొంతు. ఎరుపు స్వెట్టరు. ఫెలిక్స్. దిగిపోయినవాడు. ఒగర్చుతూ ఫోన్ పైకెత్తి చూపించాడు. "మలుపు కాడ దాక్కుని, మళ్లీ మీ ఎనకే ఎక్కి అన్నీ తీసినాను. రాయి ఏరుకున్నది తీసినాను. టికెట్లు నా దగ్గర లేవు బాబూ."

అయినా గొంతులో పొగరు వదల్లేదు.

"ఏం చేస్తరు? రేపు థానాలో వంటమనిషి మాట ఎవడు నమ్ముతడు? క్యారేజీ కథ చెప్తదా? నవ్వుతరు."

"నవ్వలేదు బాబూ," అంది జగ్గమ్మ.

"ఏంది?"

"గురువారమే ఎల్లొచ్చినాను. థానా పెద్దబాబు కూకోబెట్టి చా ఇచ్చి అంతా రాసుకున్నారు. నవ్వలేదు. ఈ ఒక్కటీ సరిపోదమ్మా అన్నారు. ఇంకేదైనా కావాలన్నారు."

గురువారం.

శుక్రవారం తాలింపు వేస్తూ ఆమె అడిగిన మాట... వెనక్కి తిరగకుండా...

జయదేవ్ ఊచలు పట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి.

పులిహోర. కిటికీ పక్కన చోటు. శాలువా. పద్నాలుగు మంది. పొద్దున్నుంచీ... అందరికీ తెలుసు. వాళ్లు తనని చూసినది జాలితో కాదు. కాపలా కాశారు.

"నా పని మీకు తెలుసు కదా బాబూ," అన్నాడు తిరుపతిరావు. రైల్లో చెప్పాడు, జయదేవ్ ఆవలించాడు. సుత్తితో రైలు చక్రాన్ని కొట్టి, మోత విని, పగులు ఉందో లేదో చెప్పే పని. "మంచి చక్రం గంటలాగ మోగుతాది. పగిలింది మోగదు. మొద్దుగా చప్పుడు చేస్తాది. అమ్మగారిని దహనం చేసిననాడు మీరు ఏడిస్తే విన్నాను. ఆనాడే జగ్గమ్మకి చెప్పినాను."

"ఇది కిడ్నాప్. అందర్నీ జైల్లో పెట్టిస్త."

"పెట్టించండి," అన్నాడు ఫెలిక్స్. "బూటు అడుగున చూసుకోండి ముందు."

చూశాడు.

పసుపు. కుంకుమ. అంగుళం మందాన.

"ఐదు వందల మెట్లు. ఒక్క బొట్టు ఒదల్లేదు మీరు. బూటు అచ్చు పడింది అన్నిటి మీదా. పిన్ని ఎక్కడికెల్తే అక్కడికి. ఈ గడప దాకా. రేపు పోలీసోళ్లు లెక్కపెట్టుకుంటారు."

గాలి గుడి చుట్టూ తిరిగి వచ్చింది. దీపం వంగి, మళ్లీ నిలబడింది.

కింద ఊరి థానాకి కబురు వెళ్లిందని పూజారి బెంగాలీలో ఏదో అన్నాడు. జీపు వస్తుందట. చీకట్లో మెట్లెక్కుతారో, తెల్లారి ఎక్కుతారో తెలియదట.

"జగ్గమ్మా," అన్నాడు జయదేవ్. గొంతు మారింది. అతనికే కొత్తగా ఉంది. "పిన్నీ... విను. నేను కావాలని..."

జగ్గమ్మ ఊచల దగ్గరికి వచ్చింది. మొదటిసారి ఆమె ముఖం దీపం వెలుగులో సరిగ్గా కనబడింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండును.

"బురుజు కాడ ఒక్క బొట్టు పెట్టమన్నాను బాబూ. పెట్టుంటే నాను అక్కడే కూలబడిపోదును. చేసిన తప్పు చెప్పుకోండని మీ కాళ్లు పట్టుకుందును. పైకి ఎక్కకపోదును."

ఆగింది.

"ఒక్క బొట్టు. ఆ తల్లి పేరున."

దీపం పక్కనున్న క్యారేజీ వైపు చెయ్యి చూపించింది.

"క్యారేజీలో అన్నం ఉంది. పైగిన్నెలో పప్పు. ఇయ్యాల నీచు ఒండలేదు. సీసాలో నీళ్లు పోసినాను. కంబళి కప్పుకోండి. ఈ కొండ మీద తెల్లారగట్ల మంచు కురుస్తాది."

"పిన్నీ..."

"చలి బాబూ," అంది. "ఊచల్లోంచి ఈదురుగాలి కొడతాది."

ఊచల సందున చెయ్యి పోనిచ్చి చెక్క తలుపు రెక్క అందుకుంది. దీపం ఆరిపోకుండా, చప్పుడు కాకుండా, దగ్గరగా లాగి వేసింది.